మా గదిలో నిదానంగా పాడిన బ్యాండు

నాకు తొందర ఎక్కువ. బస్సు ఆగకముందే దిగుతాను. అన్నం చల్లారకముందే నోరు కాల్చుకుంటాను. ఎదుటివాడి మాట పూర్తికాకముందే జవాబు చెప్పేస్తాను. అలాంటి నేను ఒకే ఒక్క మాట చెప్పడానికి ఆరేళ్లు తీసుకున్నాను. ఆ మాట ఒక క్యాసెట్టు గురించి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను గద్వాలలో డిగ్రీ చదివేవాణ్ని. మాది కోడేరు పక్క పల్లె, వేరుశనగ పండించే ఇల్లు. గద్వాలలో ఒక మేడ మీది గదిలో నలుగురం ఉండేవాళ్లం. అందులో ఒకడిది మానవపాడు. వాళ్ల అమ్మానాన్నలు మిరప చేలల్లో కూలికి పోయేవాళ్లు, ఆదివారం చర్చికి పోయేవాళ్లు. చర్చి గిటారు వీడి చేతిలోనే ఉండేది. పాస్టరుగారికి వీడంటే నమ్మకం, అందుకే గదికి తెచ్చుకోనిచ్చేవారు. గదిలో వాడు నన్ను ‘బావా’ అనేవాడు. మా ఊరికి వచ్చినప్పుడు మా నాయన ముందు మాత్రం ఆ పిలుపు నోట్లోనే దాచుకుని, ఏ పిలుపూ లేకుండా మాట్లాడేవాడు. అది నేను గమనించాను. గమనించనట్టు ఉండిపోయాను.

ఆ ఏడాది హైదరాబాదు నుంచి మా కాలేజీకి వచ్చిన ఒక సీనియర్ దగ్గర ఇంగ్లీషు పాటల క్యాసెట్టు దొరికింది. అట్ట మీద భుజాల దాకా జుట్టు పెంచిన తెల్లవాళ్లు. మా నాయనల పెళ్లిళ్లు కాకముందు నుంచీ వాయిస్తున్న బ్యాండట. ఒక్క రోజుకే ఇచ్చాడు. మా గదిలో టేపు రికార్డరు ఒక్కటే ఉంది, కాపీ చెయ్యాలంటే రెండు కావాలి. ఊరికి ఉరికి మా చిన్నాయన కళ్లంలో దుమ్ము తింటూ పడున్న పాత టేపు తెచ్చాను. అందులో సీనియర్ క్యాసెట్టు పెట్టి, వైరు కలిపి, మా టేపులో ఖాళీ క్యాసెట్టుకు ఎక్కించాను. తెల్లారి అసలుది తిరిగిచ్చేశాను. గదిలో మిగిలింది నా చేత్తో చేసిన కాపీ ఒక్కటే.

మొదటి రోజు విని గదిలోవాళ్లు చెవులు మూసుకున్నారు.

“ఏందిరా ఇది, బర్రె ఈనేటప్పుడు అరిసినట్టు!”

“బందు పెట్టు, ఇంటాయన ఒస్తడు.”

నేను బందు పెట్టలేదు. వారం తిరిగేసరికి బర్రె అన్నవాడే స్నానం చేస్తూ అందులో మొదటి పాట కూనిరాగం తీస్తున్నాడు. క్యాసెట్టులో పాడేవాడి గొంతు లోతుగా, బావిలోంచి వచ్చినట్టు ఉండేది. డ్రమ్ము మీద దెబ్బకూ దెబ్బకూ మధ్య ఊపిరి పీల్చుకునేంత జాగా. నాలాంటి కుదురులేని మనిషికి ఆ నిదానం మందులా పనిచేసింది. “చూసిండ్రా, పెద్దోళ్లంటే గిట్లుండాలె, తొందరపడరు” అని ఉపన్యాసాలిచ్చేవాణ్ని. మాటల అర్థం మాలో ఎవరికీ సగం కూడా తెలియదు. తెలిసినట్టు చెప్పేవాణ్ని నేనే.

ఒకసారి పేపర్లో వాళ్ల ఫోటో పడింది. బట్టతలలు, వేలాడే చెంపలు. మళ్లీ ఏదో దేశంలో వాయించబోతున్నారట. గదిలో రెండు పార్టీలైపోయాం. ముసలాళ్లు ఇంక ఇంటికాడ కూచోవాలని ఇద్దరు, చచ్చేదాకా పాడాలని మేమిద్దరం. మేమిద్దరం అంటే నేనూ మానవపాడు వాడూ. ఆ రోజు కూర మాడిపోయింది, అయినా వాదన ఆగలేదు.

వాడైతే ఆ క్యాసెట్టు మొత్తం గిటారు మీద పట్టేశాడు. వెనక్కి తిప్పడం, వినడం, తీగ పట్టుకోవడం, మళ్లీ వెనక్కి తిప్పడం. ఒక సోమవారం అడిగాడు.

“బావా, క్యాసెట్టుకు కలిపితే చర్చిల హార్మోనియంకు కలుస్తలేదు. ప్రతి ఆదివారం తీగలు బిగిస్తున్న, మళ్ల వచ్చి ఒదులు చేస్తున్న. ఇదేంది?”

“ఆ హార్మోనియం ఏ కాలందో! దాని మాట ఇడువు. క్యాసెట్టును నమ్ము” అన్నాను, వాడి మాట పూర్తికాకముందే.

నమ్మాడు.

డిగ్రీ ఆఖరి పరీక్షల ముందు నాగర్‌కర్నూల్ నుంచి కబురొచ్చింది. అక్కడ పెళ్లిళ్లకూ జాతరలకూ వాయించే ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తూ పాడే మనిషి కావాలట. పాస్టరుగారు వీడి పేరు చెప్పారు. శనివారం వచ్చి, బాగా వచ్చిన పాట ఒకటి పాడి వినిపించమన్నారు. తీసుకుంటే సరే, లేకపోతే పరీక్షలైన మర్నాడే వాళ్ల నాయన వెంట మేస్త్రీ లారీలో పుణెకు ఇటుకలు మోయడానికి పోవాలి. వాడికి మధ్యలో ఇంకో దారి లేదు. అది వాడు ఒక్కసారి చెప్పాడు, మళ్లీ చెప్పలేదు. గోళ్లు కొరుక్కుంటూ గిటారు పట్టుకు కూచునేవాడు.

ఆ మంగళవారం గద్వాల బజారులో పాటల షాపు ముందు పోతుంటే లోపల మా పాట వినిపించింది. మాదే, కానీ మాది కాదు. గొంతు సన్నగా ఉంది, డ్రమ్ము ఉరుకుతోంది. నాకు ఒళ్లు మండింది. లోపలికి పోయి పదిమందికీ వినపడేటట్టు అరిచాను.

“ముసలితనంల మళ్ల పాడి ఖరాబ్ చేసిండ్రు! గొంతు పోయింది, దాన్ని దాచుకోనీకి ఉరుకుతుండ్రు!”

షాపన్న నవ్వాడు. “తమ్మీ, ఇది మళ్ల పాడింది కాదు. నువ్వు పుట్టకముందు పాడింది. డబ్బా ఎనక సూడు. నీ తాన వేరేది ఉంటే పట్కరా, విందాం.”

పట్టుకొచ్చాను. పంతం కదా! ఆయన మెషీన్లో మా క్యాసెట్టు పెట్టి, గల్లా పెట్టె మీద వేలితో తాళం కొడుతూ ఒక చరణం విన్నాడు.

“ఏ టేపుల పెట్టి ఎక్కించినవ్?”

“మా చిన్నాయనది. పాతది.”

“దాని బెల్టు సాగిపోయినట్టుంది. పాట నిదానంగ నడిసింది, నువ్వు గట్లనే ఎక్కించుకున్నవ్. బ్యాండోళ్లు మంచిగనే ఉన్నరు తమ్మీ, ఖరాబైంది నీ క్యాసెట్టు.”

షాపులో ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. క్యాసెట్టు జేబులో పెట్టుకుని బయటపడ్డాను.

ఆ క్షణమే గదికి ఉరికి చెప్పాల్సింది. ఇంకా నాలుగు రోజులున్నాయి. చెవి ఉన్నవాడు, మూడు రోజుల్లో సరిచేసుకునేవాడు. నేనేం చేశాను? కాలు కాలిన పిల్లిలా గద్వాల వీధులన్నీ తిరిగాను. ఇప్పుడు చెప్తే భయపడిపోతాడేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. ఆ గదిలో నేను గురువుని. చెప్తే గురువు పోతాడు. అసలు సంగతి అంతే, ఛీ.

శనివారం వాడితో నేనూ బయలుదేరాను. వనపర్తి దాకా ఒక బస్సు, అక్కడ దిగి నాగర్‌కర్నూల్‌కు ఇంకో బస్సు. వాడు గిటారును బిడ్డలా ఒళ్లో పెట్టుకున్నాడు. నేను కిటికీ అద్దం తీస్తాను, మూస్తాను, సీటు మారతాను. వనపర్తి బస్టాండులో మిర్చీ బజ్జీలు తింటూ నోరు తెరిచాను కూడా.

“అరే, ఆ పాట ఇడిసిపెట్టి ఏదన్న తెలుగు పాట పాడరాదు?”

“నీకేమైంది బావా? గా పాట లెక్క నాకు ఏదొస్తది? నువ్వే అంటివి గద, గా గొంతు ముందల ఎవరూ నిలవరని.”

మిర్చీ కారం అన్నట్టు నీళ్లు తాగాను. బస్సొచ్చింది.

ఆర్కెస్ట్రా పెద్దాయన కీబోర్డు ముందు కూచుని ఉన్నాడు. ఆ పాట పేరు వినగానే ఆయన మొహం వెలిగింది. కుర్రతనంలో తానూ వాయించాడట. వీడు మొదలుపెట్టాడు. ఆయన మీటలు వెతికాడు. ఒక మీట నొక్కితే ఎక్కువ, పక్కది నొక్కితే తక్కువ, ఎక్కడా కలవదు. “ఆగు తమ్మీ” అని గిటారు తీసుకుని తీగలు తానే బిగించి ఇచ్చాడు. “ఇప్పుడు పాడు.” ఈసారి కీబోర్డు ఉరికింది. వీడు వెనకబడ్డాడు. అందుకోబోయి మాట మింగాడు. పై స్థాయికి వచ్చేసరికి, గదిలో రోజూ అవలీలగా అందుకునే చోట, గొంతు రెండుగా చీలిపోయింది. వెనక తబలా అతను తల వంచుకుని నవ్వాడు.

“ఎవల తాన నేర్చుకున్నవ్?” అన్నాడు పెద్దాయన, మెత్తగానే.

“క్యాసెట్ల” అన్నాడు వాడు.

“గొంతు ఉంది తమ్మీ. సుతి లేదు. జర నేర్చుకొని రా, ఒచ్చే ఏడు చూద్దాం.”

వచ్చే ఏడాది దాకా లారీ ఆగుతుందా?

తిరుగు బస్సులో వనపర్తి దాటాక అడిగాడు. “బావా, తప్పు ఏడ జరిగింది?”

నా నోరు ఊరుకోలేదు, ఎప్పటిలాగే తొందరపడింది. “నీది తప్పు కాదురా. ఆయన విన్నది కొత్తగ పాడింది. ముసలోళ్లు పాటను ఖరాబ్ చేసిండ్రు. మనది అసలుది.”

“అట్లనా?” అన్నాడు. “థూ వీళ్ల! ఇంత నమ్మితిమి గద బావా.”

గదికొచ్చి అందరికీ అదే చెప్పాడు. తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. వారంలో గదంతా వాడి పార్టీ అయింది. ఆ క్యాసెట్టు మీద ఎవరో సినిమా పాటలు ఎక్కించేశారు. గిటారు చర్చికి పోయింది. పరీక్షలయ్యాక వాడు లారీ ఎక్కాడు.

నేను బీఎడ్ చేసి వనపర్తిలో ఒక ప్రైవేటు బడిలో చేరాను. తర్వాత సెల్‌ఫోన్లలో పాటలు వచ్చాయి. స్టాఫ్ రూములో కొత్తగా చేరిన సారు ఒకాయన రోజూ ఆ పాటే పెట్టేవాడు, సరైన వేగంలో. అది మొదలైతే చాలు, పనేదో గుర్తొచ్చినట్టు లేచి బయటికి పోయేవాణ్ని. ఎన్నాళ్లు పోతాను? ఒక రోజు ఆ పాటను నా ఫోన్లోకి ఎక్కించుకున్నాను. ఆ ఆదివారమే మానవపాడు బస్సెక్కాను.

వాడు పుణె నుంచి వచ్చి పెళ్లి చేసుకుని, రెండెకరాలు కౌలుకు పట్టాడు. కళ్లంలో మిరపకాయలు ఎండబోస్తున్నాడు. నన్ను చూడగానే పార అక్కడే పడేసి ఉరికొచ్చాడు. “బావా! దారి తప్పినవా ఏంది!” అంటూ చేతులు పట్టుకున్నాడు. అరచేతులు చెక్కల్లా ఉన్నాయి. చాయ్ తెప్పించాడు. నేను చాయ్ చల్లారకముందే చెప్పేశాను. బెల్టు, షాపన్న, మంగళవారం, బస్సులో అబద్ధం, అన్నీ.

వాడు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. “ఉందా పాట?” అన్నాడు. ఫోను ఇచ్చాను. చెవి దగ్గర పెట్టుకుని మొత్తం విన్నాడు. వేలు మోకాలి మీద పాత నిదానంలోనే పడుతోంది, పాట దాన్ని దాటి పోతోంది. పై స్థాయి దగ్గర వేలు ఆగిపోయింది.

“మంచిగనే పాడిండ్రు” అన్నాడు ఫోను తిరిగిస్తూ. “వాళ్లు ఏం ఖరాబ్ కాలే. ఆరేండ్లు ఊకెనే తిట్టిన.”

తిడతాడని కూచున్నాను. తిడితే బాగుండునని కూచున్నాను. వాడు లేచి, పార తీసుకుని, మిరపకాయలు మళ్లీ పలచగా పరచడం మొదలుపెట్టాడు. నేను ఇంకో పార కోసం చూస్తే చెయ్యి అడ్డం పెట్టాడు.

“మీకెందుకు, కారం అంటుతది. నాలుగు గంటల బస్సు ఒచ్చే యాళ్లయింది, పోండి సారూ.”

మా నాయన ముందు కూడా వాడు నన్ను ఎప్పుడూ అలా పిలవలేదు.