తిరగేసి చూడని చాప

కొనేవాడు చాపను తిరగేసి చూడలేదు. లిడియాకు మొదటి అనుమానం అక్కడే పుట్టింది.

చాప కొనడానికి ఎవరొచ్చినా ముందు అంచు లాగి చూస్తారు, వెనక్కి తిప్పుతారు, అల్లిక సందుల్ని వేలితో తడుముతారు. బేరం ఆ తర్వాతే. అంజి అనే ఈ కొత్త మనిషి మాత్రం చుట్టిన చాపను చుట్టినట్టే చంకన పెట్టుకున్నాడు.

"సూపరున్నది అక్కా. ఈ సీజన్ల ఎన్ని అల్లితే అన్ని నాకే. హైదరాబాద్ దిక్కు రిసార్టులకు పంపుత" అని అడ్వాన్సు చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

లిడియా భర్త శాంతిరాజ్ బొగ్గుబావిలో పనిచేసి రిటైరయ్యాడు. అతను షిఫ్టుకు పోయిన రోజుల నుంచీ ఆమెకు కొంగల కుంటే డ్యూటీ. గోదావరిఖని నుంచి బసంత్‌నగర్ పోయే దారికి కాస్త లోపలగా ఉంటుంది ఆ కుంట. వానలకు నిండుతుంది, ఎండలకు సగం బురదవుతుంది. తుంగ మాత్రం ఏడాది పొడుగునా నిలబడే ఉంటుంది. దాన్ని కోసి, ఎండబెట్టి, మళ్లీ తడిపి, నేలమీద బిగించిన దారాల మధ్య అల్లడం అత్త దగ్గర నేర్చుకుంది. వదులు అల్లిక మీద అత్త నీళ్లు గుమ్మరించి మొత్తం విప్పించేది. ఆ భయం ఇప్పటికీ లిడియా వేళ్లలో ఉంది.

ఆ కుంటకే గండం వచ్చింది. ప్లాట్లు అమ్మే కంపెనీ ఒకటి ఒడ్డున హద్దురాళ్లు పాతి, అది కుంటే కాదు, సాగు లేక పడావు పడ్డ పట్టా భూమి అంటోంది. కాలిన మోటర్లకు రాగి తీగ చుట్టే బద్రుద్దీన్ నలుగురిని కూడగట్టి కమిటీ పెట్టాడు. ఫిర్యాదుల మీద ఫిర్యాదులు చేస్తే, వచ్చి చూసి తేలుస్తామన్నారు అధికారులు. లిడియా సంతకం పెట్టింది గానీ మీటింగులకు పోలేదు. ఫొటోలు దిగేవాళ్ల మాటల మీద ఆమెకు గురి కుదరదు.

రెండోసారి అంజి కుంట దగ్గరికే వచ్చాడు.

"మొదలంటా కొయ్యిండ్రి అక్కా, నీళ్ల లోపటికెళ్లి. పొడుగు చాపలు కావాలె."

"నీళ్లల్ల కోస్తే దుంప కుళ్లుతది తమ్మీ. మళ్ల మొలువది."

"మళ్లేటిది మళ్ల చూద్దాం తియ్యి. పచ్చిదైనా సరే, మోపులు మోపులే తీస్కపోత. అక్కడనే అల్లిస్త."

"అక్కడంటే యాడ?"

అంజి మోగని ఫోను చెవికి పెట్టుకుని పక్కకు నడిచాడు.

అడ్వాన్సు తీసుకున్నాక కాదనడమెలా? లిడియా అతను చెప్పినట్టే కోసింది. కొడవలి నీళ్లలోకి దిగిన ప్రతిసారీ మనసు పీకుతూనే ఉంది. పక్కన కోస్తున్న జమునకు ఆ మాటే చెబితే, "బావకు పింఛనొస్తది, నీకేం ఫికర్? నాకెవలు పెడ్తరు?" అని విసురుగా ఇంకో గుబురు మీద పడింది. కుంటలో ఒక పక్క బోడి అవుతూ వచ్చింది.

చాయ్ దుకాణం ముందు బద్రుద్దీన్ అందరూ వినేలా అందుకున్నాడు. "ఏం లిడియక్కా, సంతకమేమో మాకు, కొడవలేమో కంపెనీకా?"

"ఆ కంపెనీ సేటు బోరు మోటరు నువ్వే చుట్టినవట గద భాయ్. నేనేమన్న అన్ననా?"

చాయ్ తాగేవాళ్లు నవ్వారు. బద్రుద్దీన్ ముఖం మాడ్చుకున్నాడు. గెలిచానన్న సంతోషం మాత్రం లిడియాకు కలగలేదు. అంజి కంపెనీ మనిషా, నిజంగానే చాపల వ్యాపారా? నిజమైతే ఇంత పని మళ్లీ దొరకదు. కాకపోతే కుంటను తన చేత్తోనే కోసి ఇస్తున్నట్టు.

ఇంటికి పోయి చాప మొదలుపెట్టింది. నాసి తుంగ ఏరుకుంది. అంచు వంకర పోనిచ్చింది. వేళ్లు వాటంతటవే బిగించబోతే పట్టి వదులు చేసింది.

"ఏందే గిది? కండ్లు గిట్ల పోయినయా?" అన్నాడు శాంతిరాజ్.

"ఉన్నయి. ఇంకొకని కండ్లు చూద్దామని అల్లుతున్న."

అంజి వచ్చినప్పుడు ఆ చాపను తనే పరిచి చూపించింది. అతను దాని మీద నిలబడే, "చెయ్యి తిరిగిన పని అక్కా! అవునుగని, కుంటల ఇంకెంత మిగిలింది?" అన్నాడు.

లిడియా అడ్వాన్సు తెచ్చి అతని చేతిలో పెట్టింది. చాప చుట్టుకుని తిన్నగా బద్రుద్దీన్ షెడ్డుకు నడిచింది.

అతను చాప మూల పట్టుకుని చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇది నువ్వల్లింది కాదు."

"నేనే అల్లిన. గాయన మంచిగున్నదన్నడు. చాపల కోసం కాదు భాయ్, తుంగ ఉంటే కుంటనే అని తేలుతది. ఆఫీసర్లు వచ్చేవరకు అది లేకుంట చెయ్యాలెనని నాతోటి కుంటకు గుండు గీయించిండు."

బద్రుద్దీన్ చేతిలోని రాగి తీగ కింద పెట్టాడు. "జల్ది మళ్ల నాటిద్దాం, అక్కా."

"నాటింది నాటినట్టే కనవడ్తది. మనమే దొంగలమైతం. నేనే కోసిన్నని చెప్పుత."

"కేసు నీ మీదికే తిరుగుతది."

"తిరుగనీ."

సంగతి చెబితే జమున నాలుగు తిట్లు తిట్టింది గానీ కొడవలి దించింది.

అధికారి వచ్చిన రోజు అంజి ఆయన జీపు పక్కనే ఉన్నాడు. బోడి పక్కను చూపించి, "పడావు భూమి సార్. ఏదో గడ్డి ఉంటే ఈ అక్కలే కోస్కపోతరు" అన్నాడు.

"కోసింది నేనే సార్. కొయ్యమన్నది ఈయన" అంది లిడియా.

అధికారి రాసుకుని కాగితం మడవబోయాడు.

"సదివి వినిపియ్యిండ్రి."

"స్థానిక మహిళ లిడియా తుంగను తానే కోసినట్టు ఒప్పుకుంది."

"కొయ్యమన్నోని పేరు?"

"ఆఫీసుకు పోయినంక రాస్తాం లేమ్మా."

"ఇప్పుడే రాయిండ్రి" అంటూ బురద కాళ్లతోనే జీపు ముందుకొచ్చి నిలబడింది. వెనక నుంచి జమున గొంతు లేచింది. "నాకూ గాయనే చెప్పిండు. నా పేరు సుత రాసుకోండ్రి సార్."

అంజి మెల్లగా జీపు వెనక్కి జరిగాడు. అధికారి ఒకసారి అటు, ఒకసారి ఇటు చూసి పెన్ను మూత తీశాడు. అతను రాస్తున్నంతసేపూ లిడియా కాగితం మీంచి చూపు తిప్పలేదు.