మూత లోపలి కుంకుమ

రేణిగుంట దగ్గర మాకు క్రీములు తయారుచేసే చిన్న యూనిట్ ఉంది. పోయినేడు మా పసిపిల్లల క్రీముకు యూరప్ నుంచి మొదటి ఆర్డరు వచ్చింది. అక్కడ అమ్మాలంటే ముందుగా ల్యాబులో పరీక్ష చేయించి, వాడితే ప్రమాదం లేదని రిపోర్టు తీసుకోవాలి.

శాంపిలు కొరియర్‌కిచ్చి వచ్చి, క్రీము కలిపే మిషన్ కడుగుదామని దాని మూత ఎత్తాను. లోపలి వైపు ఎర్రటి చార కనిపించింది.

"అత్తా, దీనికి బొట్టు పెట్టినావా?"

"కొత్త మిషన్ గదమ్మా. మంచి జరగాలని లోపలా బయటా పెట్టినాను," అంది మా అత్త.

వేడి క్రీము ఆవిరికి కుంకుమ తడిసి క్రీములోకి జారింది. ఆ కుంకుమలో ఏ రంగు కలిపారో ఎవరికి తెలుసు? ల్యాబువాళ్లు పట్టుకుంటే ఆర్డరు పోతుంది. పట్టుకోకపోతే? ఎవరో తల్లి దాన్ని పసిబిడ్డ బుగ్గలకు రాస్తుంది.

శాంపిలు వెనక్కి తెప్పించి, క్రీమంతా పారబోశాం. మళ్లీ క్రీము కలిపే రోజు అత్త కుంకుమ భరిణె పట్టుకుని గుమ్మం బయటే నిలబడింది. "మిషన్‌కు వద్దంటే నీకన్నా పెట్టనీ," అని నా నొసట బొట్టు పెట్టింది.

ఇప్పటికీ ఆ గడప దాటేముందు బొట్టు మీదికి టోపీ లాక్కుని, చేతులు రెండుసార్లు కడుక్కుంటాను. అయినా భయం పోదు.