ఆయన అనని మాట

నోరు పడిపోయిన ఒక మనిషి తరఫున నేను అబద్ధం చెప్పాను. ఆయన పోయి చాలా కాలమైంది. ఆ అబద్ధం మాత్రం నాతోనే ఉంది, లేచినా కూర్చున్నా గుండెల మీద బరువుగా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో. ముఖాముఖి చెప్పాల్సినవాళ్లను వదిలేసి ముఖం తెలియని మిమ్మల్ని వెతుక్కోవడం కూడా పిరికితనమే. తెలుసు. అయినా చెబుతాను.

ఆయన పేరు జ్ఞానరత్నం. సికింద్రాబాద్‌లో ఒక కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పేవారు. నేను ఆయన దగ్గర చదువుకుని, తర్వాత అదే పాఠం వేరే చోట చెప్పి రిటైరయ్యాను. ఆయన ఇల్లు సైనిక్‌పురిలో. ఆదివారం చర్చి తప్పేవారు కాదు. ప్రార్థన చేయనిదే ముద్ద ముట్టేవారు కాదు. పెద్దల నుంచి వచ్చిన ఆచారాన్ని ఒక్క తరం తెలివితో కొట్టిపారేయకూడదని నమ్మేవారు. ఆ ఆచారాన్ని పక్కవాడి మీద చట్టం పెట్టి రుద్దకూడదని అంతే గట్టిగా నమ్మేవారు. జీవితంలో మందు ముట్టని ఆయన మద్యనిషేధం తప్పని వ్యాసం రాశారు. చర్చిలో కొందరు పలకరించడం మానేశారు. "తాగకపోవడం నా పనమ్మా. ఇంకొకణ్ణి తాగనివ్వకపోవడం నా పని కాదు" అన్నారు నాతో. వీధిలో గుంట పడితే అర్జీ పెట్టేవారు కాదు, సిమెంటు కలిపి తానే పూడ్చేవారు. ఎవరైనా సరే, ప్రభుత్వమైనా సరే, మనిషి గడప బయట ఆగాలి. ఆయన రాతలన్నిటిలోనూ ఉన్నది ఇదే. భక్తిపరులకు ఆయన సగం నచ్చేవారు, స్వేచ్ఛ కావాలనేవాళ్లకు మిగతా సగం. మొత్తం అర్థమైనది నాకొక్కదానికే అని గర్వపడేదాన్ని. ఆయన చెబుతుంటే రాసుకుని పత్రికలకు పంపింది నేనే కదా.

పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, మాట, రెండూ పోయాయి. బుద్ధి పోలేదు. అన్నీ అర్థమయ్యేవి. మిగిలింది ఒకటే మాట: "వద్దు". మంచినీళ్లు కావాలన్నా వద్దే, ఫ్యాను వెయ్యమన్నా వద్దే. కళ్లనూ ఎడమచేతినీ చూసి ఏ వద్దు దేనికో నేను పట్టుకునేదాన్ని. చూసుకోవడానికి బాపట్ల నుంచి వచ్చిన ఆయన అక్కగారు కరుణమ్మ ప్రతిదానికీ నన్నే అడిగేది. "ఏవంటన్నాడమ్మా మా తమ్ముడు?" చాలాసార్లు సరిగ్గానే చెప్పాను. ఈ సంగతి ఇప్పుడెందుకు చెబుతున్నాను? తప్పు కాస్త చిన్నదిగా కనబడాలనా? ఆయన మాట నా నోటి నుంచి రావడం నాకు ఇష్టంగా ఉండేది. అదీ చెప్పాలి.

జబ్బు పడడానికి కొద్దిగా ముందు, మేడ మీది వాటాను యూసుఫ్, షమీమ్ అనే భార్యాభర్తలకు అద్దెకిస్తానని సార్ మాటిచ్చారు. యూసుఫ్‌కు కాప్రాలో సోఫాలు కుట్టే దుకాణం. సార్ ఇంటి కుర్చీలకు గుడ్డ మార్చడానికి వచ్చి పరిచయమయ్యాడు. అంతకుముందు వాళ్లు అడిగిన ఇళ్లలో పేరు చెప్పగానే మాట మారిపోయేదట. వాళ్లు చేరబోతున్నారని తెలిసి, కాలనీ సంఘం సెక్రటరీ ఒక సాయంత్రం వచ్చాడు. మంచం పక్కన కుర్చీ వేశాం.

"సార్, మీ ఇల్లు మీ ఇష్టం. గని గిట్ల షురూ అయితే రేపు అందరూ ఆళ్లకే ఇస్తరు. కాలనీల అందరూ పరేషాన్ అయితున్నరు. మీరే ఇయ్యనంటే మాకు ఇంకో మాట అనే పని ఉండదు."

సార్ ముఖం ఎర్రబడింది. ఎడమచెయ్యి గుమ్మం వైపు చాపి, "వద్దు... వద్దు... వద్దు" అన్నారు.

నాకు అర్థమైంది. రవ్వంత సందేహం కూడా లేదు. ఈ సంగతి నా ఇంట్లోకి తేవద్దు, బయటికి నడువు అంటున్నారు. సెక్రటరీ నా వైపు తిరిగాడు.

"ఏమంటున్నరు మేడం?"

"వాళ్లకు ఇవ్వొద్దంటున్నారు."

సార్ నన్ను చూశారు. తర్వాత ఎడమచేత్తో మంచం పట్టెను కొట్టడం మొదలుపెట్టారు. "అలసిపోయారు, ఇక మాట్లాడించకండి" అన్నాను.

ఎందుకన్నాను? ముసలి అక్కగారు, మంచాన పడ్డ తమ్ముడు, కాలనీతో వాళ్లకు గొడవెందుకు అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ప్రభుత్వం ఉత్తర్వు కంటే ఇరుగుపొరుగు కూర్చుని అనుకున్న మాట మేలని ఆయనే రాశారు కదా అని కూడా చెప్పుకున్నాను. నిజమే, రాశారు. ఇరుగుపొరుగు అడగవచ్చు, ఇంటివాడు కాదనవచ్చు అని ఆ వెంటనే రాశారు. రాసుకున్న చెయ్యి నాదే. అసలు కారణం ఇంకా కిందిది. నాకు వాళ్లు అక్కడ ఉండటం ఇష్టం లేదు. రోజూ వెళ్లే ఇంట్లో వాళ్లు ఎదురుపడటం ఇష్టం లేదు. నన్నేం చేశారు వాళ్లు? ఏమీ చేయలేదు. స్వేచ్ఛ గురించి తరగతిలో అన్నేళ్లు మాట్లాడినదాన్ని, నాలో ఉన్న ఆ మాటను నా పేరు మీద అనే ధైర్యం లేక, నోరు లేని మనిషి నోట్లో పెట్టాను.

మర్నాడు షమీమ్ వచ్చింది. గేటు దగ్గరే ఆపి చెప్పాను.

"సారే అన్నరా మేడం?"

"ఔను."

"మాటిచ్చిండు గదా..." అని ఆగింది. "పోనీయండి. తబియత్ బాగలేని మనిషి. జెర చూసి పోతా."

"పడుకున్నారు."

లోపల మంచం పట్టె చప్పుడవుతోంది. ఆమెకూ వినబడింది. లోపలికి ఒకసారి చూసి వెళ్లిపోయింది.

ఆ తర్వాత సార్ నా చేత ఏమీ చెప్పించుకోలేదు. నేను నోరు తెరిస్తే కళ్లు మూసుకునేవారు. ఆ ఒక్క మాట కూడా మానేశారు. జబ్బు ముదిరిందని కరుణమ్మ ఏడ్చింది. నేను ఔనన్నాను. ఒకసారి ఎవరూ లేనప్పుడు, "సార్, ఆ రోజు..." అని మొదలుపెట్టాను. గోడవైపు తిరిగిపోయారు. పూర్తి చేయనక్కర్లేదని నాకు హాయిగా అనిపించింది. సిగ్గుతో చెబుతున్నాను, హాయిగానే అనిపించింది.

ఆయన పోయాక చర్చిలో జరిగిన సంతాపసభలో నేను మాట్లాడాను. చివరిదాకా ఆయన గొంతునయ్యే భాగ్యం నాకు దక్కిందన్నాను. జనం కళ్లు తుడుచుకున్నారు. ఇప్పటికీ ఆ కాలనీలో ఎవరైనా అలాంటి కుటుంబానికి ఇల్లు ఇవ్వబోతే, "రత్నం సారే ఇయ్యలే, నువ్వెట్ల ఇస్తవ్?" అంటారట. ఏ పెత్తనాన్ని ఆయన బతికినంతకాలం కాదన్నారో, దానికి ఆయన పేరే సాక్ష్యమైంది. దాన్ని అలా చేసినదాన్ని నేను.

ఈ మధ్య తిరుమలగిరిలో షమీమ్ కనబడింది. తనే గుర్తుపట్టి పలకరించింది. సార్ భూస్థాపన నాడు యూసుఫ్ వెళ్లి వెనక నిలబడి వచ్చాడట. "మాట తప్పిండని నాకు కోపముండె మేడం. పోయిన మనిషి మీద ఏం కోపం? ఎప్పుడో మాఫ్ చేసిన" అంది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఇక రాదు. నేను సంచీ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని, పిల్లలేం చదువుతున్నారని అడిగాను. ఆయన చేయని తప్పుకు ఆయనను క్షమించి, ఆమె బస్సెక్కి వెళ్లిపోయింది.

ఇప్పుడు కొందరు యువకులు ఆయన వ్యాసాలన్నీ పుస్తకంగా తెస్తున్నారు. చివరి రోజుల గురించి ముందుమాట రాయమని నన్నే అడిగారు. చాలాసార్లు కూర్చున్నాను. రాయబోతే ఇదే వచ్చింది. వాళ్లకు ఇస్తానో లేదో తెలియదు. షమీమ్‌కు చెబుతానో లేదో అంతకంటే తెలియదు. చెబుతానని మీకు మాటివ్వను.

వాళ్లకు ఇల్లు ఇవ్వొద్దన్నది జ్ఞానరత్నం గారు కాదు. నేను. ఇన్నేళ్లలో ఈ ముక్క మొదటిసారి బయటికి వచ్చింది. రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. అంతే.