మిరుగం వానకు ఆగిపోయిన ఎర్రచెలక బ్యాండు

మా చిన్నప్పుడు... పొద్దు వాలే వేళకు మా ఆముదాల కళ్ళంలో పాట మొదలయ్యేది. గోనెసంచి పరుచుకుని, వెల్లకిలా పడుకుని వినేదాన్ని. పైన మబ్బులు కూడా ఆ తాళానికే నడుస్తున్నాయనిపించేది...

మాది వీపనగండ్ల దగ్గర పల్లె. బ్యాండు పేరు 'ఎర్రచెలక'... వాన మీద బతికే మా ఎర్రమట్టి చేను పేరే. బ్యాండంటే ముగ్గురే! నాన్న పాడుతూ బెంజో వాయించేవాడు... టైపు మిషన్‌లా మీటలుంటాయే, అది. బొంబాయిలో మేస్త్రీ పని చేసొచ్చిన చిన్నాయన చేతిలో పాత గిటారు. రాములు మామది డప్పు. పగలంతా సేద్యం, సాయంత్రం పాట.

పాటలన్నీ నాన్న కట్టినవే. "బస్సు పోతుంది బొంబాయికి... చెల్క జూస్తుంది మబ్బు దిక్కు" అని ఎత్తుకుంటే గిటారూ డప్పూ కలిసి ఉరికేవి. వనపర్తి, గద్వాల దాకా పెళ్ళిళ్ళకు పిలిచేవారు. జనం ఎగిరేవారు, బువ్వ తినేవారు, మరిచిపోయేవారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా!

ఒక వేసవి చివర పట్నం రేడియో వాళ్ళ నుంచి ఉత్తరం వచ్చింది. ఫలానా రోజు వచ్చి పాడండి, నచ్చితే రికార్డు చేస్తామని. నాన్న దాన్ని ఎన్నిసార్లు చదువుకున్నాడో! నన్నూ తీసుకెళ్తానన్నాడు. కొత్త గౌను వేసుకుని బయల్దేరాను.

పెబ్బేరులో బస్సు మారాలి. దిగీదిగగానే మిరుగం వాన... విత్తనాలకు మొదటి వాన. రెండేళ్ళుగా మొహం చాటేసింది. అది వెలిశాక రాములు మామ పక్క చేనులోకి వెళ్ళి, మట్టిలో వేలు గుచ్చి చూశాడు.

"మంచి పదునైంది బావా. మన దిక్కు ఇంకా గట్టిగ గొట్టినట్టుంది. పట్నం పోయొచ్చేసరికి ఆరిపోతది."

చిన్నాయన గిటారును గుండెకు హత్తుకున్నాడు. "రేడియోళ్ళు మల్ల పిలుస్తరా అన్నా?"

పట్నం బస్సు వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది.

"రేడియోకైతే ఇంకో ఉత్తరం రాస్త. మిరుగానికి ఏ అడ్రసుకు రాయాల్రా?" అన్నాడు నాన్న.

వెనక్కి వచ్చేశాం. నేను రెండు రోజులు నాన్నతో మాట్లాడలేదు. ఆ ఏడు ఆముదాలు బాగా పండి ఇల్లు నిలబడింది. నాన్న రాసిన ఉత్తరానికి మాత్రం జవాబు రాలేదు. చిన్నాయన మళ్ళీ బొంబాయి పోయాడు... జట్టు విడిపోయింది.

నాన్న చేసింది తప్పని అనను. కానీ ఆ బస్సు ఎక్కి ఉంటేనా... అని ఇప్పటికీ అనుకుంటాను. వాళ్ళు అంత బాగా వాయించేవారు, నమ్మండి.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లి తుమ్మినా ఫోనుకెక్కుతుంది. నాన్న పాట ఒక్కటీ ఎక్కడా లేదు. ఆయన పోయి ఆరేళ్ళు...

మీ ఇంటి పెళ్ళిలో 'ఎర్రచెలక' వాయించిందా? ఎవరైనా టేపులో పట్టారా? జర అటక మీద వెతికి చెప్పండి, సగం అరిగిపోయినా సరే...

"తాత ఎట్ల పాడేటోడు అమ్మా?" అని నా కూతురు అడిగినప్పుడల్లా పాడబోతాను. మాటలన్నీ వస్తాయి... ఆ గొంతు రాదు.