పార్టీ ఇవ్వని పదో హామీ

ఐదేళ్లుగా నేనొక బరువు మోస్తున్నాను. ఎంత బరువంటే, మా సాంచెల కార్ఖానాలో, అంటే మరమగ్గాల షెడ్డులో, పోగు చుట్టిన భీమును నలుగురు మోస్తారు. మధ్యలో ఒకసారి దించి, నడుం పట్టుకుని, ఓనర్‌ను తిట్టి, మళ్లీ ఎత్తుతారు. నాకు ఆ సదుపాయం లేదు. దించడానికి చోటు లేదు. తిడదామంటే ఈ భీముకు ఓనర్ని నేనే.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్తున్నాను. పేరు అడక్కండి. పొట్టకూటికి గుజరాత్ వచ్చిన తెలుగువాళ్లం మేము. లింబాయత్‌లో మా సందంతా నన్ను మాస్టర్ అంటారు. బడి మాస్టర్ను కాను, సాంచెలు మొరాయిస్తే బాగుచేసే మాస్టర్ను. కాకపోతే మా సందులో గుజరాతీ కూడా చదవడం రాయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. దాంతో తెలుగు ఆడవాళ్లను దవాఖానకు తీసుకెళ్లి, వాళ్ల రోగాలు డాక్టరుకు అప్పజెప్పే ఉద్యోగం కూడా నాకే తగులుకుంది. వారానికి ఒక్కరోజు సాంచెలు ఆగుతాయి. ఆ ఒక్కరోజూ నేను దవాఖాన బల్ల మీదే. ఎవరికి గ్యాసు, ఎవరికి గర్భసంచి, ఎవరికి ఏ వైపు పన్ను, అన్నీ నా నోటి మీదుగానే పోవాలి. ఇంతమంది కడుపుల సమాచారం ఉన్న మగవాడు ఈ భూగోళం మీద ఇంకొకడు లేడు. దారిలో ఎదురుపడితే వాళ్లు సిగ్గుతో తల దించుకునేవాళ్లు. వాళ్లకంటే ముందు నేను దించుకునేవాణ్ణి.

ఇదంతా ఎందుకు చెప్తున్నాను? నన్ను నేను సమర్థించుకోవడానికా? అవును, కొంచెం.

కార్పొరేషన్ ఎన్నికలు వచ్చాయి. పాలించే పార్టీ అన్నీ మార్చేస్తామంటూ గుజరాతీలో ఒక కరపత్రం వేసింది. అందులో తొమ్మిది హామీలు. ఆఫీసులో దరఖాస్తు పెడితే పది రోజుల్లో జవాబు, లంచం అడిగినవాడి ఉద్యోగం ఊడటం, రెండు పూటలా నీళ్లు, ప్రతి మురుగు గట్టరుకూ మూత, సాంచెల కార్మికులకు గుర్తింపు కార్డులు, ఇలా. దాన్ని తెలుగులోకి మార్చమని ఒక కార్యకర్త నా చేతిలో పెట్టాడు. మార్చాను. ఎంత కమ్మగా మార్చానంటే, గుజరాతీలో మామూలుగా ఉన్న గట్టరును తెలుగులో చదివితే అందులో దిగి స్నానం చేయాలనిపించేది.

తంటా ప్రెస్సులో వచ్చింది. తెలుగు అక్షరాలు ఒకదానికొకటి ఒదిగి కూర్చునేసరికి కాగితం అడుగున రెండు వేళ్ల జాగా మిగిలిపోయింది. "ఖాళీగా బాగాలేదు మాస్టర్, ఏదన్నా వెయ్యి" అన్నాడు ప్రెస్ ఓనర్ హిందీలో. నెమలి బొమ్మ వేయమనవచ్చు. ఆ మాత్రం తెలివి నాకుంది. కానీ ఆ పొద్దున్నే ఒకామె తన మొలల సంగతి డాక్టరుకు నాచేత పూసగుచ్చినట్టు చెప్పించింది. రోగం ఆమెది, నొప్పి నాది. ఆ నొప్పిలో పెన్ను తీసి రాశాను: "పదో హామీ. ప్రతి మంగళవారం మన వార్డు దవాఖానలో తెలుగు మాట్లాడే డాక్టరమ్మ."

ఒక్క వరస. అంతే.

ఆ తొమ్మిదీ ఎవరికీ గుర్తులేవు. పదోది మాత్రం పక్క బస్తీ నవాగామ్ దాకా పాకింది. మా ఆడవాళ్లు చీరలు మార్చుకుని, పెళ్లికి పోయినట్టు పోయి ఓట్లు వేశారు. పార్టీ గెలిచింది. నావల్లే గెలిచిందని నేననను. అనకూడదు. అనాలని మాత్రం ఉంది.

ఆ తర్వాత నా జీవితంలో స్వర్ణయుగం మొదలైంది. "డాక్టరమ్మ ఎట్లైనా వస్తది గద, నీకెందుకు యాష్ట" అని ఒక్కొక్కరే నన్ను దవాఖానకు పిలవడం మానేశారు. సాంచెలు ఆగిన రోజు మధ్యాహ్నం, ఎవరి కడుపు గురించీ ఆలోచించకుండా, నా కడుపు నిండా తిని పడుకున్నాను. అటువంటి నిద్ర మహారాజులకు కూడా పట్టి ఉండదు.

ఏడాది చూసి, ఆడవాళ్లు కరపత్రం పట్టుకుని కార్పొరేటర్ ఆఫీసుకు పోయారు. నేనూ వెంట వెళ్లాను. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. కాగితం మీద తన ఫొటో చూసుకుని మురిసిపోయి, "కామ్ చాలూ ఛే" అన్నాడు. పని నడుస్తోందని. గట్టర్లడిగితే అదే మాట. నీళ్లడిగితే అదే మాట. కార్డులడిగినా అదే. చివరికి నేను పుట్టించిన డాక్టరమ్మ గురించి కూడా అదే అన్నాడు. నేనింకా ఆమెకు పేరైనా పెట్టలేదు, అప్పుడే ఆమె ఫైలు నడుస్తోంది!

అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఎందుకు చెప్పలేదు? భయమా? పరువా? కాదు. ఎంత తవ్వినా అడుగున తేలేది ఆ మధ్యాహ్నపు నిద్రే.

ఇక నర్సక్క.

మా పక్కింటామె. అరవై దాటింది. మొగుడు పోయాక ఇంట్లోనే చీరల మీద దారాలు కత్తిరించి బతుకుతుంది. వచ్చీరాని హిందీ. ఆ హిందీతో బెండకాయల బండివాణ్ణి ఏడిపించగలదు. కానీ పక్కనుంచి ఎవరొచ్చినా కనపడటం లేదని, చూపు సొరంగంలోంచి చూసినట్టు ముడుచుకుపోతోందని చెప్పడానికి ఆ హిందీ సరిపోదు. అందుకని ఆగింది. మంగళవారం కోసం ఆగింది. ఎన్ని మంగళవారాలు! నేను పక్కింట్లోనే ఉన్నాను. నన్ను పిలవలేదు. నేనూ అడగలేదు.

మూడో ఏట ఒక ఆటో ఆమెను రాసుకుంటూ పోయింది. కుడివైపు నుంచి వచ్చింది, కనపడలేదట. పెద్ద దవాఖానకు తీసుకెళ్లాను. కళ్ల డాక్టరు చాలాసేపు చూశాడు. గ్లాకోమా అన్నాడు, అంటే నీటికాసులు. కుడి కన్ను పోయింది, ఇక రాదు. ఎడమది చుక్కల మందుతో నిలబెట్టవచ్చు. ఇదంతా ఉన్నదున్నట్టు ఆమెకు చెప్పాను. డాక్టరు హిందీలో అడిగాడు: "రెండేళ్ల కిందట వస్తే ఆపేవాళ్లం. ఇన్నాళ్లు ఏం చేశారు?"

"ఏందట తమ్మీ?"

"ఇన్ని రోజులు ఎందుకాగినవని అడుగుతున్నడక్కా."

"చెప్పు. పార్టోళ్లు తెలుగు డాక్టరమ్మను తెస్తమన్నరు, గామె కోసం ఆగిన అని చెప్పు. ఉత్తగ అంటలేను, కాయితం గూడ ఉన్నది." చిల్లర సంచిలోంచి మడతలు చిరిగిన నా కరపత్రం తీసి డాక్టరు బల్ల మీద పెట్టింది.

డాక్టరు నా వైపు చూశాడు. నేను హిందీలో, "భయపడింది సార్, అందుకే రాలేదు" అన్నాను.

ఆయనకు కోపం వచ్చింది. చదువులేని భయాలతో కళ్లు పోగొట్టుకుంటారని ఆమె మీద విరుచుకుపడ్డాడు. బయట వరసలో ఉన్నవాళ్లు కూడా తొంగి చూశారు.

"ఏమంటున్నడు? గిట్ల మొత్తుకుంటున్నడేంది?"

నేను... నేనేమన్నానో రాయడానికి పెన్ను ముందుకు పోవడం లేదు. "పార్టోళ్లను తిడుతున్నడక్కా" అన్నాను.

నర్సక్క ముఖం వెలిగిపోయింది. "మంచిగ తిట్టుమను! జర గట్టిగ తిట్టుమను! నా తరఫున ఇంకో రెండు ఎక్కువ తిట్టుమను!" అంటూ, తనను తిడుతున్న డాక్టరుకు రెండు చేతులెత్తి దండం పెట్టింది. ఆయన బిత్తరపోయి ఆపేశాడు.

ఆ కబురు సందంతా తిరిగింది. అంత పెద్ద డాక్టరే పార్టీని తిట్టాడని. ఒక్కో ఇంటికీ తిట్లు పెరుగుతూ పోయాయి. పెంచడంలో నా శిష్యులే అందరూ.

మళ్లీ ఎన్నికలు. కార్పొరేటర్ మా సందులోకి ఓట్లకొచ్చాడు. ఆడవాళ్లు కుర్చీ వేసి కూర్చోబెట్టి, లేవనియ్యకుండా చుట్టూ నిలబడ్డారు. హిందీలో అడగమంటే నేను గొంతు నొప్పి అని తప్పించుకున్నాను. నమ్మకం కుదరాలని ఆ ఉక్కపోతలో మఫ్లర్ కూడా చుట్టుకున్నాను. రైల్వేలో పనిచేసే వీరేశం కరపత్రం అందుకుని ఒక్కొక్క హామీ హిందీలోకి మార్చి అడిగాడు. గట్టరు మూతలేవి? కార్డులేవి? నీళ్లు రోజు విడిచి రోజు ఎందుకొస్తున్నాయి? దరఖాస్తుకు ఐదేళ్లైనా జవాబేది? ఆయనకు చెమటలు పట్టాయి. జీవితంలో మొదటిసారి "కామ్ చాలూ ఛే" ఆయన నోట్లోనే అడ్డం తిరిగింది. ఇంకొక్క నిమిషం అలాగే అడిగి ఉంటే ఏదో ఒకటి రాసిచ్చి పోయేవాడేమో.

అప్పుడు వీరేశం పదోది చదివాడు.

ఆయన కాగితం లాక్కుని చూశాడు. జేబులోంచి పాత గుజరాతీ కరపత్రం తీసి పక్కన పెట్టి లెక్కపెట్టాడు. అందులో తొమ్మిదే, ఇందులో పది. లేచి నిలబడి హిందీలో, "ఇది మేము ఇవ్వలేదు. అమ్మతోడు, ఈ మాట మాది కాదు" అన్నాడు.

ఐదేళ్లలో ఆయన చెప్పిన ఒకే ఒక్క నిజం అది. ఆ నిజం మీద మా సందు విరుచుకుపడింది. అచ్చేసిన మాట కూడా కాదంటావా అని చెంబులు, చీపుర్లు లేచాయి. ఆయనకు తెలుగు కాగితం తయారుచేయించిన కార్యకర్త ఎప్పుడో వేరే పార్టీలోకి దూకాడు, సాక్ష్యం చెప్పడానికి ఎవరూ లేరు. ఉన్నవాణ్ణి నేను. నేనేం చేశాను? మఫ్లర్ విప్పి, గొంతు నొప్పి మరిచి, అందరికంటే పైకి అరిచాను. "అబద్ధాలకోర్!"

ఆ గోలలో ఆయన తప్పించుకుని ఆటో ఎక్కాడు. గట్టర్లు, నీళ్లు, కార్డులు, జవాబులు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పార్టీ నిజంగా ఎగ్గొట్టిన తొమ్మిదీ నా ఒక్క అబద్ధం వెనక దాక్కుని బయటపడ్డాయి. వాళ్లను పట్టుకోవడానికి మా వాళ్లకు దొరికిన ఒక్క అవకాశాన్ని నేనే పాడుచేశాను.

నర్సక్కకు ఇంకా చెప్పలేదు. రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి చాయ్ ఇచ్చింది, తాగి వచ్చేశాను. రెండోసారి నేను నోరు తెరవకముందే, "ఈసారి గెలిచినోళ్లన్న డాక్టరమ్మను తెస్తరంటవా తమ్మీ?" అని అడిగింది. తెల్వదక్కా అన్నాను. డాక్టరమ్మ గురించి ఆమెతో నేనన్న మొదటి నిజం అదే.

క్షమించమని మిమ్మల్ని అడగను. కన్ను మీది కాదు. ఆమెను అడిగే ధైర్యం వస్తుందో రాదో, మాట ఇవ్వలేను. మాటలిచ్చే హక్కు నాకు లేదని మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

ఆ వరస పార్టీ రాయలేదు. నేను రాశాను. నర్సక్క దాన్ని నమ్మి ఆగింది. ఆగినందుకు కన్ను పోయింది. డాక్టరు ముందు తప్పు ఆమె మీద వేసింది కూడా నేనే.

ఈ నాలుగు ముక్కల్లో నేనేమీ పెంచలేదు. ఊపిరి ఇప్పుడు లోపలిదాకా పోతోంది.