గిల్యార్డ్ సార్ కూనిరాగం

బోమాంట్ ఊళ్లోని మా నల్లవాళ్ల హైస్కూలు టైంటేబుల్‌లో ఆ క్లాసు పేరు ‘స్టేజ్ బ్యాండ్’. నేర్పేది జాజ్ సంగీతమే, కానీ అలా రాస్తే ప్రిన్సిపాల్ టోలివర్ గారికి బార్లూ తాగుబోతులూ గుర్తొచ్చేవి. పాఠం చెప్పే ఓరన్ గిల్యార్డ్ సారేమో సోడా తప్ప మరేదీ ముట్టని బక్కమనిషి.

కొత్త పాట ఇచ్చినప్పుడల్లా ఎవరి భాగం వాళ్లకు సారే కూనిరాగం తీసి వినిపించేవారు. ఆ గొంతు విన్నాక ఎవరికైనా వాయించబుద్ధేసేది. పిల్లలు ఒక్కసారికే పట్టేసేవారు. ఎదురుగా ఉన్న, స్వరాలు రాసిన నోట్స్ కాగితాలు ఉత్త అలంకారం. పియానో దగ్గర కూర్చునే నాకు మా అమ్మమ్మ చర్చి పాటల పుస్తకంతో నోట్స్ చదవడం నేర్పింది. మిగతా పదహారుమందికీ రాదని నాకు తెలుసు. చెబితే సార్ పాడటం మానేస్తారని భయపడి నోరు మూసుకున్నాను.

1968 వసంతంలో టోలివర్ గారు తేల్చేశారు. “ఈసారి స్కూలు బ్యాండ్ల పోటీలో ఫస్ట్ గ్రేడ్ రాకపోతే నీ క్లాసు ఎత్తేస్తానయ్యా గిల్యార్డ్. ఆ గదిలో టైపు మిషన్లు పెట్టిస్తా.”

స్టేజీ మీద బాగానే వాయించాం. తర్వాత మమ్మల్ని ఒక గదిలోకి తీసుకెళ్లి, ఎన్నడూ చూడని పాట చేతికిచ్చారు. ఐదు నిమిషాల్లో చూసుకుని వాయించాలి. ఈ పరీక్ష ఆ ఏడే కొత్తగా పెట్టారు.

“మాస్టారూ, మాటల్లో ఎంతైనా చెప్పుకోండి. పాడితే మాత్రం మీ బ్యాండు పోటీలో ఉండదు,” అన్నాడు జడ్జి.

పదహారుమందీ కాగితం వదిలేసి సార్ నోటివంక చూశారు.

“సార్, ఇదెలా పోతుంది?” అన్నాడు ట్రంపెట్ వాయించే క్లియోఫస్.

“కాగితంలో ఉందిగా నాయనా, చూడు.”

“చూస్తున్నా సార్. వినబడట్లేదు.”

సార్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. మొదలుపెట్టాం. మొదటి వరుసలోనే ట్రంపెట్లు ఆగాయి, ఆ వెంటనే సాక్సోఫోన్లు. నా ఒక్కదాని పియానో మోగుతోంది. సార్ పెదాలు బిగించి చేత్తో తాళం వేస్తూనే ఉన్నారు. పాట రెండోసారి తిరిగినప్పుడు నా పియానో విన్నవాళ్లు విన్నట్టు అందుకున్నారు. థర్డ్ గ్రేడ్ వచ్చింది.

బస్సులో సార్ అడిగారు. “నోట్స్ చదవడం ఎవరికొచ్చు? చేతులెత్తండి.”

నా చెయ్యొక్కటే లేచింది.

“వీళ్లకి రాదని నీకు తెలుసా వెర్నెల్?”

“తెలుసు సార్.”

“మరి చెప్పలేదేమే, పిచ్చిదానా?”

నేను ఏడ్చేశాను.

సోమవారం సార్ ప్రిన్సిపాల్ ముందు నిలబడ్డారు. “తప్పు పిల్లలది కాదండీ. ఎనిమిదేళ్లుగా వచ్చిన పిల్లలందరి బదులూ నేనే చదివాను. ఒక్క ఏడాది ఇవ్వండి.”

టోలివర్ గారు విసుక్కున్నారు. “సరే, ఏడవకు. టైపు మిషన్లు రావడానికి ఎలాగూ ఏడాది పడుతుంది.”

మర్నాటి నుంచి సార్ బుగ్గన పిప్పరమెంటు బిళ్ల పెట్టుకుని క్లాసుకొచ్చేవారు. పాట నోటిదాకా వస్తే దాన్ని పటపటా కొరికేసేవారు. పెన్సిల్‌తో బల్ల మీద తాళం వేసి, “చదవండి” అనేవారు. మరుసటేడు ఫస్ట్ గ్రేడ్ వచ్చింది.

ఇప్పుడా క్లాసు నేనే చెబుతున్నాను. టైంటేబుల్‌లో జాజ్ అనే రాస్తున్నారు. పిల్లలందరూ నోట్స్ చదువుతారు. సార్ మాత్రం పోయేదాకా మా ఎదుట మళ్లీ కూనిరాగం తీయలేదు.