రాయి మీద ఉప్పు పొట్లం

చదివేవారికి నమస్కారం. ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఎక్కడ మానాలో ఐదో తరగతిలోనే సరిగ్గా తెలియలేదు, ఆ పైన చదవలేదు. అచ్చు వేసేవారు దిద్దుకుంటారులే అని మా ఊరి మేష్టారు ధైర్యం చెప్పారు. అందుకని రాస్తున్నాను.

మా మేనల్లుడు పోయాడు. వానలు వెనకబట్టిన వారంలో, కొండ మీద పోయాడు. వాడికి ముప్ఫై కూడా నిండలేదు. ఆఖరి ఐదేళ్ళూ ఆ కొండ మీద ఒక్కడే బతికాడు. ఏనుగు తొక్కి యువకుడి మృతి అని పేపర్లో నాలుగు లైన్లు వచ్చింది. అందులో వాడు మతి సరిగా లేనివాడని రాశారు. అది తప్పు. వాడికి మతి ఉంది. ఆ సంగతి చెప్పాలని, మరొక సంగతి మిమ్మల్ని అడగాలని ఈ ఉత్తరం.

వాడు మా చెల్లి కొడుకు. వాడికి నడక వచ్చే నాటికే మా బావ కాలం చేశాడు. చెల్లి, పిల్లాడు మా పక్కింట్లోకే వచ్చేశారు. చిన్నప్పుడు వాడంత పిరికివాడు మా ఊళ్లో లేడు. సంతకి తీసుకువెళ్తే నా పంచె కొస పిడికిట్లో పట్టుకుని, అది నలిగి మడత పడిపోయేదాకా వదిలేవాడు కాదు. గంగిరెద్దు బూర వినిపిస్తే నా వెనక్కి వచ్చేసేవాడు. అలాంటివాడు అడవిలో ఒక్కడే ఉంటాడని అప్పుడెవరైనా చెబితే నవ్వేవాణ్ణి.

పెద్దయ్యాక చెన్నైలో లిఫ్టులు బిగించే పనికి వెళ్ళాడు. పండక్కి వచ్చినప్పుడు, "రోజంతా మనుషుల్ని పైకీ కిందకీ మోసే పెట్టె మావా. ఎక్కినోడు పక్కోడి మొకం సూడడు" అని చెప్పి నవ్వించేవాడు.

కరోనా ఏడు వాడు అక్కడినుంచి బయలుదేరి కొంత లారీల మీద, ఎక్కువ కాళ్ళ మీద ఊరికి వచ్చాడు. మేము అప్పటికే ఊరి మొదట్లో ముళ్ళకంప వేసేశాం. మేము అంటే నేను కూడా. ఆ కంప కొట్టింది నా కత్తితోనే, లాగింది నా చేతులతోనే. బయటినుంచి వచ్చినవాళ్ళు పద్నాలుగు రోజులు ఊళ్ళో అడుగు పెట్టకూడదని పెద్దలు అనుకున్నారు. వాడు కంపకి అవతల నిలబడి, "మావా, అమ్మని ఒక్కపాలి సూడనీ" అన్నాడు. నేను ఏమీ అనలేదు. నా వెనక ఊరంతా ఉంది. అందరి ముఖాల్లోనూ భయం. నా ముఖంలోనూ ఉండే ఉంటుంది. వాడు దాన్నే చూశాడు.

ఊరికి కొండ వైపు ఒక వాగు, మేము గెడ్డ అంటాం, అది దాటితే జీడితోట, తోట చివర కాపలా పాక. వాణ్ణి అందులో ఉంచాం. పాకకి ఇవతల మంచం అంత బల్లరాయి ఒకటి ఉంది. రోజూ అన్నం క్యారేజీ ఆ రాయి మీద పెట్టి నేను ఇరవై అడుగులు వెనక్కి వచ్చి నిలబడాలి. అప్పుడు వాడు వచ్చి తీసుకోవాలి. అది ఊరి కట్టడి. మొదటి రోజు వాడు గబగబా రాబోతే, నేను చెయ్యి అడ్డంపెట్టి, "ఉండరా, నన్ను ఎనక్కి పోనీ" అన్నాను. ఆ మాట తరవాత వాడు ఎప్పుడూ తొందరపడలేదు. నేను వెనక్కి వెళ్ళి ఆగేదాకా తల వంచుకుని ఉండేవాడు. వచ్చేముందు ఒకసారి దగ్గేవాడు. జబ్బు దగ్గు కాదు, వస్తున్నానని తెలియడానికి.

పద్నాలుగు రోజులు అయ్యాయి. వాడికి చిన్న జ్వరం కూడా రాలేదు. కంప తీశాం. నేను వెళ్ళి ఇరవై అడుగుల దూరం నుంచే పిలిచాను.

"గడువైపోనాదిరా. ఇంటికి రా. మీ అమ్మ కోడిని కోసింది."

"నానిక్కడే ఉంటాను మావా."

"ఏటిరా, కోపమా?"

"కోపం కాదు. ఇక్కడ నన్ను సూసి ఎవులూ బయపడ్డం లేదు."

ఇంతే అన్నాడు. వారం తిరక్కుండా పాక కూడా వదిలేసి పైకి వెళ్ళిపోయాడు. కొండ నడుమ పోడు మానేసిన చదును ఒకటుంది, పక్కనే ఊట. అక్కడ గుడిసె వేసుకున్నాడు. చోళ్ళు, అంటే రాగులు, సామలు చల్లుకున్నాడు. దుంపలు తవ్వుకున్నాడు. సెల్లు తల్లికి పంపించేశాడు.

టీ కొట్టు దగ్గర నన్ను చూస్తే చాలు, "ఏటి మావా, నీ మేనల్లుడు సాములోరైపోనాడంట. మాకూ ఇబూది పంపమను" అనేవారు. "సాములోరు కాదెహె, ఊళ్ళో సెల్లుకి నెట్టు రాక కొండెక్కినాడు" అని ఇంకొకడు. నేను టీ తాగేసి వచ్చేసేవాణ్ణి. వాడు సన్యాసి కాదు. బొట్టు కూడా పెట్టుకునేవాడు కాదు. ఏ దేవుణ్ణీ వెతకలేదు. దేన్ని వదిలాడో మాత్రం నాకు తెలుసు. నన్నే.

"కొండ అన్నీ ఇస్తాది మావా, ఉప్పొక్కటీ ఇవ్వదు" అనేవాడు. అందుకని ప్రతి సంత రోజూ ఒక పొట్లం కల్లుప్పు, ఒక అగ్గిపెట్టె తీసుకెళ్ళి ఆ రాయి మీద పెట్టేవాణ్ణి. మా సంతకి ఉప్పు నౌపడ ఉప్పుమళ్ళ నుంచి వస్తుంది. పెట్టి ఇరవై అడుగులు వెనక్కి నడిచేవాణ్ణి. అవసరం లేదని నాకూ తెలుసు, వాడికీ తెలుసు. కరోనా పోయింది, కాళ్ళకి మాత్రం అదే అలవాటైపోయింది. వాడు దగ్గి, వచ్చి, పొట్లం తీసుకుని, ఊటలో కడిగి నాలుగు మడతలు పెట్టి తెచ్చిన పోయినసారి పొట్లం కవరు రాయి మీద ఉంచేవాడు. ఒక్క కవరు కొండ మీద పారేయలేదు. ఒక్కోసారి దాని పక్కన చింతపండో, కొండచీపుర్ల కట్టో ఉండేది. ఒకసారి వాళ్ళమ్మకి చెక్క దువ్వెన చేసి పెట్టాడు. పళ్ళు ఎగుడుదిగుడుగా ఉండేవి. ఆవిడ దానితోనే దువ్వుకునేది.

ఇంటికి రాగానే చెల్లి, "వాడేటన్నాడు?" అని అడిగేది. మోకాళ్ళు వాచి ఆవిడ గెడ్డ దాటలేకపోయేది. చాలాసార్లు వాడు ఏమీ అనేవాడు కాదు. ఆ మాట చెప్పలేక, "అమ్మ ఎలగున్నాదని అడిగినాడు" అనేవాణ్ణి. ఐదేళ్ళు అదే మాట చెప్పాను. ఆవిడ ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే తల ఊపేది.

నా భయం గురించి కూడా రాయాలి. పొద్దున్న బారెడు పొద్దెక్కేసరికి వాడు పొయ్యి ముట్టించేవాడు. మా కల్లంలోంచి ఆ పొగ సన్నగా కనబడేది. అది కనబడితే నేను మెతుకు తినేవాణ్ణి. మంచు పట్టినా, ముసురు పట్టినా పొగ కనబడదు. ఆ రోజుల్లో కంచం ముందు కూర్చుని లేచిపోయేవాణ్ణి. పాము కరిచిందో, ఎలుగు కొట్టిందో, జ్వరంతో నీళ్ళు ఇచ్చేవాడు లేక పడున్నాడో. మళ్ళీ సంత రోజు ఆ దగ్గు వినిపిస్తే ఒళ్ళంతా వదులయ్యేది. అయినా "బాగున్నావా" అని అడిగేవాణ్ణి కాను. నాకు మాటలు రావు. "ఉప్పు తడవకుండా పెట్టుకో" అనేవాణ్ణి.

మూడో ఏడు ఆ రాయి దగ్గర కాలు మడతపడి పడిపోయాను. లేవలేకపోయాను. వాడు పరుగున వచ్చాడు. ఇరవై అడుగుల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. అక్కడే నిలబడి అడిగాడు.

"ముట్టుకోనా మావా?"

ఆ మాట రాయడానికి రెండుసార్లు కలం పక్కన పెట్టాను. అక్షరాలు ఇక్కడ మరీ పాడైతే అందుకే.

నేను చేతులు చాపాను. వాడు నన్ను వీపున ఎక్కించుకుని తోట దాటించాడు, గెడ్డ దాటించాడు. వాడి ఒంటికి పొగ వాసన, చోడి అంబలి వాసన. దారిలో, "బరువు తగ్గినావు మావా, అత్త తిండి ఎట్టడం లేదేటి?" అన్నాడు. నేను నవ్వాను. వాడూ నవ్వాడు. సరిగ్గా కంప వేసిన చోటుకి వచ్చాక నన్ను నెమ్మదిగా దించి, ఊరి వైపు చూడకుండా తిరిగి వెళ్ళిపోయాడు. అక్కడ కంప లేదు. ఎప్పుడో తీసేశాం. వాడికి మాత్రం ఉంది.

ఆ రోజు "రారా ఇంటికి" అని ఒక్క మాట గట్టిగా అనాల్సింది. వాడు కాదంటాడేమోనని భయపడ్డాను. వస్తే, కంప సంగతి అడుగుతాడేమోనని కూడా భయపడ్డాను.

కొన్నేళ్ళుగా ఒడిశా వైపు నుంచి మా కొండల్లోకి ఏనుగులు వస్తున్నాయి. మా ఊళ్ళో వాటిని పేరు పెట్టి అనరు. "పెద్దోళ్ళు దిగినారు" అంటారు. ఈ ఏడు వానలకి ముందు అవి మా గెడ్డ ఎగువన నీళ్ళు తాగుతున్నాయని తెలిసింది. వాటి వెనక తిరిగే అటవీశాఖ ట్రాకరు వాడి దగ్గరికి వెళ్ళి దిగిపొమ్మని చెప్పాడట. నేనూ రాయి దగ్గర నిలబడి, "దిగిపోరా, బయంగున్నాది" అన్నాను.

"అవి మనిషిని సూసి రావు మావా. మనిషి కాడ ఉన్నదాని కోసం వస్తాయి. నా కాడ ఏటున్నాది?" అన్నాడు వాడు.

నిజమే అనుకున్నాను. నాలుగు గింజలు తప్ప వాడి దగ్గర ఏమీ లేదు.

ఇప్పుడు నా తప్పు రాస్తాను. వెనకటి ఏళ్ళలో వానాకాలం గెడ్డ తగ్గిన రోజు చూసుకుని దాటేవాణ్ణి. ఈ ఏడు కాళ్ళలో సత్తువ లేదు. పెద్దోళ్ళు ఆ పక్కనే ఉన్నారన్న బెదురు ఒకటి. వానలు పడే మూడు నెలలకీ సరిపడా ముందే ఒకేసారి ఇచ్చేస్తే సరిపోతుందని, అర బస్తా ఉప్పు కొని, ఎడ్లబండి మీద గెడ్డ దాకా, అక్కడినుంచి ఆగి ఆగి నెత్తి మీద మోసుకెళ్ళి రాయి మీద పెట్టాను. వాడి కోసమే భయపడుతున్నాను అనుకున్నాను. కాదు. నా కోసం.

వాడు వచ్చి బస్తాని చూశాడు. "ఇంతెందుకు మావా? పొట్లం సాలు."

"మూడు నెల్లకి సరిపోతాది."

వాడు బస్తా మూతి తడిమి చూశాడు. "అయితే మూడు నెల్లు రావన్నమాట" అన్నాడు. నేను నేల చూశాను. వాడే మళ్ళీ, "రావొద్దులే. గెడ్డ మంచిది కాదు. నువ్వు జాగర్త" అన్నాడు. బస్తా భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు. కొంచెం ముందుకు వంగి నడిచాడు. అదే ఆఖరి చూపు.

వానలు తెరిపిచ్చాక రెండు రోజులు పొగ కనబడలేదు. మంచేమో అనుకున్నాను. మూడో రోజు ఆకాశం తేటగా ఉంది, కొండ మీద చెట్లు కూడా విడివిడిగా కనబడుతున్నాయి. పొగ లేదు. ఊళ్ళో ఇద్దరు మగవాళ్ళని వెంటబెట్టుకుని ఎక్కాను. గుడిసె నేలమట్టంగా ఉంది. వాడు ఊట దగ్గర ఉన్నాడు. ఆ సంగతి ఇంతకన్నా రాయను.

కబురు అంది వచ్చిన ట్రాకరు గుడిసె చుట్టూ తిరిగాడు. చిరిగిన బస్తా ఒకటి పైకెత్తాడు. దాని కింద నేల గుంట పడి ఉంది. ఏదో పెద్ద నాలుక అడుగు మట్టి దాకా నాకినట్టు నున్నగా ఉంది.

"ఇంతుప్పు ఎవరు పెట్టినారిక్కడ?" అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. నేను కూడా. ఊరు వెనక ఉన్నప్పుడు కంప దగ్గర ఎలా నిలబడ్డానో అలాగే నిలబడ్డాను.

మా చెల్లి ఏడవడం తగ్గింది. ఇప్పుడు రోజూ ఒకటే అడుగుతోంది. "ఐదేళ్ళు రానిది ఇప్పుడెందుకొచ్చినాది అన్నయా?" నేను ఎండలో పడుకున్న కుక్కనో, దండెం మీద బట్టనో చూస్తాను. కార్తీకం వెళ్ళాక మొదటి సంత రోజు తనని ఎలాగైనా ఆ రాయి దగ్గరికి తీసుకువెళ్ళమంది. కొడుకు నిలబడ్డ చోటు చూస్తుందట. పట్టుకుని గెడ్డ దాటిస్తానన్నాను. అక్కడ మళ్ళీ అదే అడుగుతుంది. ఐదేళ్ళు లేని మాటలు చెప్పినవాణ్ణి. ఆ రాయి దగ్గర మాత్రం లేని మాట చెప్పలేను. ఉన్నది ఏమిటో నాకు తెలియాలి.

మీలో అడవిలో పనిచేసినవారు ఉండొచ్చు, ఏనుగుల సంగతి తెలిసినవారు ఉండొచ్చు. ఒక్కటి చెప్పండి. అర బస్తా ఉప్పు కోసం ఏనుగు దారి మళ్ళి ఒక మనిషి గుడిసె మీదకి వస్తుందా? పొట్లమే అయితే రాకపోయేదా? నన్ను ఓదార్చడానికి రాయవద్దు. తెలిసింది రాయండి. జవాబు రాదేమోనని భయంగా ఉంది, వస్తుందన్నా భయంగానే ఉంది.

నిన్న సంత. ఉప్పు కొనలేదు. అయినా కాళ్ళు అటే వెళ్ళాయి. ఇరవై అడుగుల దూరంలో ఆగాను. ఐదేళ్ళ పొట్లాల్లోంచి కారిన ఉప్పు ఆ రాయిలోకి ఇంకినట్టుంది. ఎవరివో రెండు మేకలు రాయి మీదకెక్కి, తలెత్తకుండా నాకుతున్నాయి. వాటిని అదిలిద్దామని నోరు తెరిచాను. దగ్గు వచ్చింది. దగ్గి, అక్కడే నిలబడిపోయాను.

కార్తీకం వెళ్ళడానికి ఇంక ఎన్నో రోజులు లేవు. దయచేసి బేగి జవాబు రాయండి.